పాపికొండలకి ఏ లెన్స్? వైడ్ పెట్టినా కొండలు ఎందుకు చిన్నగా పడతాయి?

కార్తీకమాసం వచ్చి గోదారి తేటపడి బోట్లు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయంటే చాలు, రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు కెమెరా ఉన్నవాళ్ళ మధ్య ఒకటే చర్చ, పాపికొండలకి ఏ లెన్స్ పట్టుకెళ్ళాలి అని. ల్యాండ్‌స్కేప్ అంటే వైడే (ఎక్కువ మేర పట్టే లెన్సే) కదా, ఒక 16-35 అద్దెకి తీసుకో అంటారు ఒకరు. వైడ్ దండగ, 70-200 లేకపోతే కొండలు చీమల్లా పడతాయి అంటారు ఇంకొకరు. ఈమాత్రం దానికి ఫోన్ చాలదా అని మూడోవాళ్ళు. ముగ్గురూ తాము తీసిన ఫొటోలు చూపించే మాట్లాడతారు, ముగ్గురి ఫొటోలూ బాగానే ఉంటాయి, అందుకే కొత్తగా వెళ్ళేవాళ్ళకి బుర్ర తిరిగిపోతుంది.

ఆ ఫొటోల్ని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. ఒకరు బోటు సరిగ్గా కొండల మధ్యలోకి వెళ్ళాక తీశారు, ఒకరు మూడు నాలుగు కిలోమీటర్ల ముందే మలుపు తిరుగుతుంటే తీశారు, ఇంకొకరు పేరంటాలపల్లి దగ్గర దిగి ఒడ్డున నిలబడి తీశారు. ఎక్కడ నిలబడ్డారు, కొండ ఎంత దూరంలో ఉంది అన్నది వదిలేసి ఒట్టి లెన్స్ పేర్లు చెప్పుకుంటే ఈ చర్చ ఎన్నేళ్ళైనా తెగదు. పైగా 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవిని మనలో ఎక్కువమంది చూసేది బోటు మీంచే, ఆ బోటు ఎక్కడ తిరగాలో ఎక్కడ ఆగాలో మన చేతిలో ఉండదు. లెన్స్ లెక్క మొత్తం అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఎంఎం అంకె దేన్ని చెబుతుంది

లెన్స్ మీద రాసుండే 16, 24, 50, 200 అన్నవి ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో. ఈ అంకె పెరిగేకొద్దీ ఫొటోలో పట్టే మేర తగ్గుతుంది, పట్టినది పెద్దగా కనిపిస్తుంది. కిటికీకి ముఖం ఆనించి చూస్తే వీధంతా కనిపిస్తుంది, నాలుగు అడుగులు వెనక్కి వచ్చి అదే కిటికీలోంచి చూస్తే ఎదురింటి గుమ్మం ఒక్కటే కనిపిస్తుంది కదా, అలాగన్నమాట, ఇక్కడ కిటికీ అంటే సెన్సార్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక), వెనక్కి జరగడం అంటే ఫోకల్ లెంగ్త్ పెరగడం.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సార్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాని మీద 16ఎంఎం లెన్స్ పెడితే అడ్డంగా సుమారు 97 డిగ్రీల మేర పడుతుంది, అంటే కుడి భుజం నుంచి ఎడమ భుజం దాకా మన ఎదురుగా ఉన్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. 24ఎంఎంకి 74 డిగ్రీలు, 35కి 54, 50కి 40, 70కి వచ్చేసరికి 29, 200 దగ్గర పదే పది డిగ్రీలు. ఒక సంగతి గమనించండి, 16కీ 24కీ మధ్య ఉన్నది ఎనిమిది ఎంఎంలే, తేడా మాత్రం 23 డిగ్రీలు. అదే 70 నుంచి 78కి వెళ్తే పెద్దగా తేడా తెలీదు. అందుకే వైడ్ లెన్సుల్లో 14కీ 16కీ మధ్య అంత గొడవ పడతారు, టెలిలో, అంటే దూరపువాటిని పెద్దగా చూపే లెన్సుల్లో, 200 అయినా 210 అయినా ఎవరూ పట్టించుకోరు.

ఫోన్‌తో పోల్చుకుంటే ఇంకా తేలిక. చాలా ఫోన్లలో మామూలు 1ఎక్స్ కెమెరా ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24-26 ఎంఎం దగ్గర ఉంటుంది, 0.5 అని కనిపించేది 13ఎంఎం దగ్గర. అంటే 1ఎక్స్‌లో చూసి "ఇంకొంచెం పడితే బావుణ్ణు" అనిపించిందా, "ఇంకొంచెం దగ్గరగా వస్తే బావుణ్ణు" అనిపించిందా అన్నది పోయినసారి ట్రిప్పులో తీసిన ఫోన్ ఫొటోలు తిరగేస్తే తెలిసిపోతుంది, దానికి ఏ లెన్సూ కొనక్కర్లేదు.

అదే లెన్స్ చిన్న సెన్సార్ మీద పెడితే

మనవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేవి ఫుల్ ఫ్రేమ్ కావు, కెమెరాతో పాటే ఇచ్చే కిట్ లెన్స్ 18-55తో వచ్చిన ఏపీఎస్-సీ కెమెరాలు. వీటి సెన్సార్ చిన్నది, అందుకని అదే లెన్స్ పెట్టినా పట్టే మేర తగ్గుతుంది. నికాన్, సోనీ, ఫ్యూజీలకి 1.5తో, కెనాన్‌కి 1.6తో గుణిస్తే ఫుల్ ఫ్రేమ్ లెక్క వస్తుంది. అంటే 18-55 అన్నది నికాన్ మీద సుమారు 27-82, కెనాన్ మీద 29-88 లాగా పనిచేస్తుంది. పెళ్ళిళ్ళు తీసే ఫ్రెండ్ దగ్గర ఫుల్ ఫ్రేమ్ 16-35 అడిగి తెచ్చుకుని మన ఏపీఎస్-సీ బాడీకి తగిలిస్తే అది 24-52 అయిపోతుంది, బాగా వైడ్ వస్తుందనుకుని మోసుకెళ్ళింది కిట్ లెన్స్ కంటే కాస్తే వైడ్. నిజంగా అల్ట్రా వైడ్ కావాలంటే ఈ సెన్సార్ల కోసమే చేసిన 10-18, 10-20 లాంటివి తీసుకోవాలి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 అయితే 240 గ్రాములే, జేబులో పెట్టుకున్నట్టే ఉంటుంది.

సెన్సార్ చిన్నదైతే ల్యాండ్‌స్కేప్‌కి పనికిరాదు అనే మాట కూడా వినిపిస్తుంది. రాత్రి పూట, బాగా పెద్ద ప్రింట్లకి ఫుల్ ఫ్రేమ్‌కి పైచేయి ఉన్నమాట నిజమే. పట్టపగలు ఎఫ్/8లో (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం, అంటే అపర్చర్, సైజు చెప్పే అంకె ఇది, అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది) తీసిన కొండల ఫొటో గోడకి తగిలించే సైజులో ప్రింట్ వేసి పెడితే రెండిటికీ తేడా చెప్పడం కష్టం, నా ఉద్దేశంలో ఆ డబ్బు లెన్స్ మీదో ఇంకోసారి వెళ్ళిరావడం మీదో పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

కొండ సెన్సార్ మీద ఎన్ని మిల్లీమీటర్లు: చిన్న లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న, వైడ్ పెడితే కొండలు ఎందుకు చిన్నగా పడతాయి. దూరంగా ఉన్న దేనికైనా ఒక లెక్క ఉంది, వస్తువు ఎత్తుని దూరంతో భాగించి ఫోకల్ లెంగ్త్‌తో గుణిస్తే సెన్సార్ మీద దాని బొమ్మ ఎంత ఎత్తు వస్తుందో తెలుస్తుంది.

నీటి మట్టం నుంచి 300 మీటర్ల ఎత్తున్న కొండ మూడు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 300ని 3000తో భాగిస్తే 0.1. 16ఎంఎం లెన్స్‌లో ఆ కొండ 1.6 మిల్లీమీటర్లు వస్తుంది. సెన్సార్ ఎత్తు 24 మిల్లీమీటర్లు కదా, అంటే ఫొటోలో పదిహేనో వంతు, మిగతాదంతా నీళ్ళూ ఆకాశం. 24ఎంఎంలో పదో వంతు. 70ఎంఎంలో 7 మిల్లీమీటర్లు, మూడో వంతుకి కాస్త తక్కువ, ఇక్కడికి వచ్చేసరికి కొండ కొండలా ఉంటుంది. 200 పెడితే 20 మిల్లీమీటర్లు, ఫ్రేమ్ నిండిపోతుంది.

కంటికి మాత్రం ఆ కొండలు అక్కడి నుంచే బ్రహ్మాండంగా కనిపిస్తాయి. ఎందుకంటే మనం చూసేటప్పుడు చూపు కొండ మీదే నిలుస్తుంది, చుట్టూ ఉన్న ఖాళీ నీళ్ళని మనసు లెక్కలోకి తీసుకోదు. కెమెరాకి ఆ ఎంపిక తెలీదు, పట్టినంత మేరా ఒకే శ్రద్ధతో రాసుకుంటుంది. ఇంటికొచ్చి చూసుకుంటే నీళ్ళ మీద సన్నటి పచ్చ గీతలాంటిది కనిపించి ఉసూరుమంటుంది ప్రాణం, అప్పుడు లెన్స్‌ని తిట్టుకుంటారు గానీ అది దూరం చేసిన పని.

తర్వాత క్రాప్ చేసుకుందాంలే, చుట్టూ ఉన్నది కత్తిరించేద్దాంలే అనుకోవచ్చు. చేసుకోవచ్చు కూడా, కాకపోతే దాని ఖరీదు తెలిసుండాలి. 24ఎంఎంలో తీసి 70ఎంఎం మేరకి క్రాప్ చేస్తే 24 మెగాపిక్సెళ్ళలో మిగిలేది 2.8 మెగాపిక్సెళ్ళు. ఫోన్ స్క్రీన్ మీద చూడ్డానికి సరిపోతుంది, ఫ్రేమ్ కట్టించడానికి సరిపోదు. 35లో తీసి 70కి క్రాప్ చేస్తే నాలుగో వంతు, ఆరు మెగాపిక్సెళ్ళు మిగులుతాయి, అది ఫర్వాలేదు.

టెలి లెన్స్ కొండని దగ్గరికి లాగుతుందా

టెలి లెన్స్ వెనకున్న కొండని ముందుకి లాక్కొచ్చి మనిషి వీపుకి ఆనించేస్తుంది అని అందరం అంటాం. ఫొటోలో అలాగే కనిపిస్తుంది కూడా, కానీ ఆ పని చేసేది మళ్ళీ దూరమే. లెక్క చూస్తే తేలిపోతుంది.

ఇసుక తిన్నె మీద 1.7 మీటర్ల ఎత్తున్న మనిషి నిలబడ్డాడు, వెనక మూడు కిలోమీటర్ల దూరంలో మన 300 మీటర్ల కొండ. మనం మనిషికి మూడు మీటర్ల దూరంలో 24ఎంఎంతో నిలబడితే మనిషి సుమారు 13.6 మిల్లీమీటర్లు, కొండ 2.4 మిల్లీమీటర్లు. మనిషి కొండకి ఐదు రెట్ల పైనే. ఇప్పుడు అదే మనిషికి 30 మీటర్ల దూరానికి వెనక్కి వచ్చి 200ఎంఎం పెట్టండి. మనిషి 11.3 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ముందటి సైజే, కొండ మాత్రం 20 మిల్లీమీటర్లకి దగ్గరగా లేచి నిలబడింది. కొండకి మన దూరం మూడు వేల మీటర్లలో ఓ ముప్ఫై మారింది, దానివల్ల కొండకి వచ్చిన తేడా ఏమీ లేదు. మనిషికి మన దూరం పదింతలు పెరిగింది, దానివల్ల మనిషి చిన్నవాడయ్యాడు, ఇద్దర్నీ కలిపి లెన్స్ పెద్దది చేసింది, అంతే జరిగింది.

ఇక్కడే బోటు ఫొటోగ్రాఫర్‌కి ఇబ్బంది. ఒడ్డున అయితే 27 మీటర్లు వెనక్కి నడవొచ్చు. బోటు పైడెక్కు మీద ముందు వరసలో కూర్చున్న మీవాళ్ళనీ వెనక కొండల్నీ కలిపి తీద్దామంటే వెనక్కి జరగడానికి మహా అయితే డెక్కు పొడుగు ఉంటుంది, అదీ కుర్చీలూ జనం మధ్యలోంచి. అందుకే బోటు మీద తీసిన ఫ్యామిలీ ఫొటోల్లో మనుషులు పెద్దగా, కొండలు వెనక గోడ మీది బొమ్మలా పడతాయి, దానికి మార్గం డెక్కు ఈ చివర నుంచి ఆ చివర మనుషుల్ని 50-70 ఎంఎంలో తీయడమే.

కొండలు మీదికొచ్చే చోట వైడ్ పని

అలాగని వైడ్ దండగ అనేస్తే అన్యాయం. బోటు కొండల మధ్య ఇరుకులోకి వెళ్ళాక లెక్క తిరగబడుతుంది. కొండ 300 మీటర్ల దూరంలోనే ఉంది, ఎత్తూ 300 అనుకుంటే శిఖరం చూడాలంటే 45 డిగ్రీలు తలెత్తాలి. కెమెరా సమంగా, అడ్డంగా పట్టుకుంటే 24ఎంఎంలో 150 మీటర్ల ఎత్తు దాకానే పడుతుంది, కొండ సగానికి తెగిపోతుంది. నిలువుగా తిప్పితే 225 మీటర్లు. 16ఎంఎం నిలువుగా పడితే 337 మీటర్లు, అంటే కొండ మొత్తం పైన కాస్త ఆకాశంతో సహా వచ్చేస్తుంది.

కెమెరాని పైకెత్తితే 24లో కూడా పడుతుంది కదా అనొచ్చు, పడుతుంది. కెమెరా పైకెత్తినప్పుడు నిలువు గీతలన్నీ పైకి వెళ్ళేకొద్దీ లోపలికి వాలతాయి. కోనసీమలో కాలవ గట్టు మీద నిలబడి వైడ్ లెన్స్ పైకెత్తి కొబ్బరిచెట్లు తీసినవాళ్ళందరికీ ఇది తెలిసిందే, రెండు వైపుల చెట్లూ ఒకదాని మీదొకటి పడబోతున్నట్టు వంగుతాయి. కొండకి నిలువు గీతలుండవు కాబట్టి ఆ వాలు పెద్దగా తెలీదు, పడవ స్తంభాలూ గుడి గోడా ఒడ్డునున్న పొడుగాటి చెట్లూ ఫ్రేమ్‌లో ఉంటే మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫొటో సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో నిలబెట్టొచ్చు, అంచులు కొంత పోతాయి.

ఇరుకులో కాకుండా వైడ్ నిజంగా రాణించేది మారేడుమిల్లి వైపు అడవిలో. జలతరంగిణి, అమృతధార లాంటి జలపాతాల దగ్గర వెనక్కి వెళ్దామంటే రాళ్ళూ చెట్లూ అడ్డం, పాదాల దగ్గర పారే నీళ్ళ నుంచి పైన ఆకుల గొడుగు దాకా మొత్తం రావాలంటే 16-20 ఎంఎం మేర ఉండాల్సిందే. అక్కడ దగ్గర్లో ఉన్న రాయి ఫొటోకి ప్రాణం. ముందు ఏమీ లేకుండా తీసిన వైడ్ ఫొటోలో చూపు నిలవడానికి చోటే ఉండదు, నది మధ్యలోంచి తీసే ఫొటోలకి వచ్చే చిక్కు సరిగ్గా ఇదే.

ముందు రాయి, వెనక కొండ, రెండూ షార్ప్‌గా

దగ్గరున్న రాయి, దూరాన కొండ రెండూ స్పష్టంగా రావాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తికమక. ప్రతి ఫోకల్ లెంగ్త్‌కీ అపర్చర్‌కీ ఒక దూరం ఉంటుంది, హైపర్‌ఫోకల్ దూరం అంటారు, అక్కడ ఫోకస్ పెడితే ఆ దూరంలో సగం నుంచి అనంతం దాకా ఆమోదించదగ్గ షార్ప్‌గా వస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌లో 16ఎంఎం, ఎఫ్/8కి అది 1.1 మీటర్లు, అంటే అర మీటరు అవతల నుంచి అన్నీ వచ్చేస్తాయి. 24ఎంఎం, ఎఫ్/11కి 1.8 మీటర్లు. 70ఎంఎం, ఎఫ్/11కి సుమారు 15 మీటర్లు, 200 దగ్గరికి వెళ్తే 120 మీటర్ల పైన. దీన్నిబట్టి టెలిలో దగ్గరి రాయీ కొండా రెండూ కుదరవని తెలుస్తోంది కదా, అక్కడ ఒక్కటి ఎంచుకోవాలి, లేదా రెండు మూడు ఫోకస్‌లతో తీసి తర్వాత కలపాలి, అదీ ట్రైపాడ్ మీద ఉంటేనే.

ఈ దూరాలు చెప్పే పట్టికలు పాతకాలపు మామూలు సైజు ప్రింట్ల లెక్కతో కట్టినవి. 45 మెగాపిక్సెళ్ళ ఫొటోని పెద్ద మానిటర్ మీద జూమ్ చేసి చూస్తే దూరపు కొండ కాస్త మెత్తగా అనిపిస్తుంది, అందుకే చాలామంది పట్టిక చెప్పిన దానికంటే కొంచెం అవతల ఫోకస్ పెడతారు. పోనీ ఎఫ్/22 పెట్టేస్తే అన్నీ వచ్చేస్తాయి కదా అంటే, అపర్చర్ కన్నం మరీ చిన్నదైతే వెలుతురు దాని అంచుల దగ్గర చెదిరి ఫొటో మొత్తం మీద ఒక మెత్తదనం వస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/8, ఎఫ్/11 హాయిగా ఉంటాయి, ఎఫ్/16 అవసరమైతే సరే, ఎఫ్/22లో నష్టం కంటికి తెలుస్తుంది.

ఎఫ్/2.8కి అంత డబ్బు, అంత బరువు అవసరమా

మన వైపు అద్దెకి సులువుగా దొరికేవి పెళ్ళి లెన్సులు, 24-70 ఎఫ్/2.8, 70-200 ఎఫ్/2.8. కల్యాణ మంటపంలో వెలుతురు తక్కువ, వెనక జనాన్ని మసక చెయ్యాలి, అందుకని వాళ్ళకి ఆ పెద్ద అపర్చర్ తిండి పెట్టే వస్తువు. పగటిపూట కొండలు ఎఫ్/8లో తీసేవాళ్ళకి ఎఫ్/2.8 లెన్సూ ఎఫ్/4 లెన్సూ దాదాపు ఒకటే ఫొటో ఇస్తాయి. బరువు మాత్రం ఒకటి కాదు, సోనీ 70-200లో ఎఫ్/2.8 రెండో తరంది 1045 గ్రాములైతే ఎఫ్/4 రెండో తరంది 794. నికాన్ జడ్‌లో 14-24 ఎఫ్/2.8 650 గ్రాములు, 14-30 ఎఫ్/4 485, ధరలో తేడా ఇంతకంటే ఎక్కువ.

ఎఫ్/2.8 వైపు వాళ్ళ వాదనలోనూ బలం ఉంది. రాత్రి బసకి వెళ్ళి నదీతీరంలో నక్షత్రాలు తీయాలనుకుంటే 14-24 మధ్యలో ఎఫ్/2.8 నిజంగా అక్కరకొస్తుంది, ఎఫ్/4తో పోలిస్తే సెన్సార్‌కి రెట్టింపు వెలుతురు. తెల్లారకుండా మంచులో పంటు (బల్లకట్టు) మీద నది దాటుతూ తీసేవాళ్ళకీ అంతే. నక్షత్రాల మాట లేనివాళ్ళకి ఎఫ్/4 లెన్సులతోనో కిట్ లెన్సుతోనో ఏ లోటూ ఉండదని నా అభిప్రాయం.

ఇంజిన్ అదురు, కదిలే ఒడ్డు

ట్రైపాడ్ ఉంటే వెలుతురు సమస్య లేదు అనేది నేల మీద మాట. బోటు ఇంజిన్ అదురు డెక్కులోంచి ట్రైపాడ్ కాళ్ళలోకి, అక్కడి నుంచి కెమెరాలోకి నేరుగా ఎక్కుతుంది, చేత్తో పట్టుకుంటేనే మన ఒళ్ళు కొంత మింగేస్తుంది, రెయిలింగ్‌కి మోచేతులు ఆనించకపోవడం కూడా అందుకే మంచిది. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ చేతి వణుకుని ఆపుతుంది, బోటు ముందుకెళ్ళడాన్ని ఆపలేదు.

దీనికీ లెక్కుంది. బోటు గంటకి పది కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకి 2.8 మీటర్లు. 30 మీటర్ల దూరంలో ఒడ్డున చెట్టు, షట్టర్ 1/60, అంటే సెకనులో అరవయ్యో వంతు సేపు తెరుచుకుంటుంది. ఆ కాసేపట్లో బోటు 4.6 సెంటీమీటర్లు జరుగుతుంది, 24ఎంఎంలో సెన్సార్ మీద చెట్టు 0.037 మిల్లీమీటర్లు చెరుగుతుంది, 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో ఆరు పిక్సెళ్ళు. 70ఎంఎంలో అదే పద్ధెనిమిది పిక్సెళ్ళు, చెట్టు ఆకులు అలికేసినట్టు ఉంటాయి. షట్టర్ 1/500కి పెంచితే 24లో ఒక పిక్సెల్ కూడా కాదు, 70లో రెండు. కిలోమీటరు అవతల కొండకి 1/60 అయినా ఇబ్బంది లేదు, అందుకే కొన్ని ఫొటోల్లో కొండ కత్తిలా ఉండి ఒడ్డు మాత్రం మసకగా ఉంటుంది, లెన్స్ ఫోకస్ పోయిందనుకుంటారు.

ఇంకో మాట, బోటు మీద లెన్స్ మార్చడం. గాలి, నీటి తుంపర, పక్కనోళ్ళ మోచేతులు, లైఫ్ జాకెట్ వేసుకున్న లావులో చేతులు సరిగ్గా కలవవు, ఇసుక రేణువు సెన్సార్ మీద పడిందంటే ఆ రోజు ఆకాశాలన్నిటిలో మచ్చే. జూమ్ లేని ప్రైమ్ లెన్సులు షార్ప్‌గా ఉంటాయి, తేలిక, ఒక 50 ఎఫ్/1.8 160 గ్రాములకే వస్తుంది, ఒడ్డున నిదానంగా నడిచి తీసేవాళ్ళకి అంత మంచి తోడు ఉండదు. బోటు మీద అడుగు ముందుకి వెనక్కి వేయలేం కాబట్టి జూమ్‌దే పైచేయి, నాకైతే ఇందులో రెండో మాట లేదు.

మధ్యాహ్నం పొగమంచులా కనిపించే గాలి

బోటు కదిలేసరికి ఎండెక్కుతుంది, తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతుంది. మధ్యలో దూరపు కొండలన్నీ నీలం బూడిద కలిపినట్టు వెలిసిపోయి ఉంటాయి. ఎంత టెలి పెడితే అంత గాలి మందం గుండా చూస్తున్నట్టు, పైగా వేడెక్కిన ఇసుక మీద గాలి మరిగినట్టు కదలడం 200ఎంఎంలో స్పష్టంగా తెలుస్తుంది, ఎంత ఖరీదైన లెన్సయినా దాన్ని దాటలేదు. ఇక్కడ పోలరైజర్ ఫిల్టర్ కొంత సాయపడుతుంది, సూర్యుడు మన పక్కన ఉన్నప్పుడు ఎక్కువగా, ముందో వెనకో ఉన్నప్పుడు దాదాపు ఏమీ లేదు. నీళ్ళ మీద తళతళ తగ్గిస్తుంది, ఆకుల పచ్చదనం పైకి తెస్తుంది, బదులుగా ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) మింగుతుంది. 24ఎంఎం కంటే వైడ్‌లో ఆకాశం ఒక పక్క ముదురు, ఒక పక్క లేత అయిపోయి అతికించినట్టు ఉంటుంది, అక్కడ తీసేయడమే మేలు. కొన్ని అల్ట్రా వైడ్‌లకి, నికాన్ పాత 14-24 లాంటివాటికి, ముందు గాజు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి మామూలు ఫిల్టర్ పట్టనే పట్టదు, అద్దెకి తీసుకునే ముందు చూసుకోవాల్సిన సంగతి.

కొండలే లేని చోట: మడ అడవి, కొబ్బరి, వరి

ట్రిప్పు పాపికొండలతో అయిపోదు కదా, చాలామంది మర్నాడు కోరంగికో కోనసీమలోకో వస్తారు. డెల్టాలో ఎత్తులే లేవు, ధవళేశ్వరం దిగువన నేలంతా పరిచిన చాపే. కోరంగి మడ అడవిలో చెక్కబాట మీద రెండు పక్కలా చెట్లు మీదికొచ్చి ఉంటాయి, బురదలోంచి పైకి లేచిన వేళ్ళు కాళ్ళ దగ్గరే, అక్కడ 18-24 ఎంఎంలో వేళ్ళని ముందు పెట్టి తీస్తే అడవి లోతు వస్తుంది. బయట వరి చేల దగ్గర కథ వేరు. దాళ్వా (రెండో పంట) పైరు పచ్చగా ఉన్నప్పుడు గట్టు మీంచి వైడ్‌తో తీస్తే సగం ఆకాశం, సగం పచ్చ, మధ్యలో గీతంత కొబ్బరి వరస. అదే వరసని 100-200 ఎంఎంలో తీస్తే దగ్గరి గట్టు, దాని వెనక చేను, దాని వెనక కొబ్బరి, ఆ వెనక మంచులో ఇంకో కొబ్బరి వరస, ఇలా పొరలు పొరలుగా వస్తుంది. టెలితో ల్యాండ్‌స్కేప్ ఏంటి అనేవాళ్ళకి పుష్యమాసం పొద్దున్న మన డెల్టా మంచు ఒక్కటి చాలు.

మరి ఎవరి సంచిలో ఏముంటే సరి

పైన చెప్పినవన్నీ కలిపి మూడు రకాల మనుషులకి వేసి చూద్దాం. కుటుంబంతో ఒక్కరోజు బోటు ట్రిప్పుకి వెళ్ళేవాళ్ళ దగ్గర ఏపీఎస్-సీ, 18-55 ఉంది. ఆ కెమెరాకి 18-140 లాంటి ఒక్క లెన్స్ దొరికితే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27 నుంచి 210 దాకా వచ్చేస్తుంది, కొండల ఇరుకులో నిలువుగా తిప్పుకుంటారు, దూరపు మలుపులకి జూమ్ చేస్తారు, లెన్స్ మార్చే పనే లేదు. అంచుల్లో షార్ప్‌నెస్ కాస్త తగ్గుతుంది, ఆ రోజుకి అది మంచి బేరమే. ఇంకేం కొనకపోయినా 18-55 ఒక్కటీ బోటు మీద సగానికి పైగా ఫొటోలకి చాలు.

రెండో రకం, ఫుల్ ఫ్రేమ్ ఉండి మారేడుమిల్లి, పాపికొండలు కలిపి రెండు మూడు రోజులు తిరిగేవాళ్ళు. బోటు మీద 24-105 గానీ 24-120 గానీ, అడవిలో 14-30 లేదా 16-35 ఎఫ్/4, ఈ రెండిటితో తీయలేనివి చాలా తక్కువ. మూడో రకం ఫొటోల కోసమే వెళ్ళి తెల్లవారుజామున ఒడ్డున కూర్చునేవాళ్ళు, వాళ్ళకి 70-200 ఎఫ్/4 అదనంగా ఉంటే మంచు పొరల్లో కొండలు దొరుకుతాయి. జంతువుల కోసమైతే 200 ఏ మూలకీ సరిపోదు, ఆ ఆశతో కొనకండి.

అద్దెకైనా సెకండ్ హ్యాండ్‌కైనా మన వైపు లెన్స్ తీసుకునేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి లోపల గాజుల్ని చూడాలి. డెల్టా తేమకి, బీరువాలో ఏడాది పొడుగునా మూతపెట్టి ఉంచిన లెన్సుల్లో సాలెగూడు దారాల్లాంటి ఫంగస్ పడుతుంది, కొంచెమే ఉంటే పగటి ఫొటోల్లో తెలీదు గానీ సూర్యుడికి ఎదురుగా తీస్తే ఫొటో మొత్తం పాలు పోసినట్టు అవుతుంది. ఇంట్లో సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో, తేమ 40-50 శాతం మధ్య ఉండేలా పెట్టుకుంటే చాలావరకు రాదు. అలాగే ఏసీ రూములో పడుకుని తెల్లారగానే కెమెరా బయటికి తీస్తే చల్లటి గాజు మీద గాలిలోని తేమ పట్టేసి పది పదిహేను నిమిషాలు ఏమీ కనిపించదు, తుడిచేకొద్దీ మళ్ళీ పడుతుంది. సంచి జిప్పు తీయకుండానే ముందుగా బయట పెట్టేస్తే లోపల కెమెరా మెల్లగా వేడెక్కుతుంది, రేవుకి చేరేసరికి గాజు తేటగా ఉంటుంది.